ఐదో తూటా

తూటా మేస్త్రికి నోటికంటే చెయ్యి ముందు పుట్టిందని ఊళ్లో అనుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు. బస్సులో సీటు దగ్గర పేచీ వస్తే అవతలివాడు "ఏంటయ్యా" అనేలోపే వాడి చొక్కా గుండీలు కిందపడి దొర్లేవి. ఒకసారి కటింగ్ షాపులో తన వంతు దాటించి ఇంకొకాయనను కూర్చోబెట్టారని షాపు యజమానిని మెడ పట్టుకుని వీధిలోకి ఈడ్చాడు. లోపల కుర్చీలో సగం గడ్డం నురగతో మిగిలిపోయిన ఆసామి, బయట గొడవ ఇప్పట్లో తేలేలా లేదని, మిగతా సగం తనే గీసుకుని వెనక గుమ్మం గుండా వెళ్లిపోయాడు. ఆ సంగతి చెప్పుకుని జనం కడుపుబ్బ నవ్వేవారు. షాపు యజమాని మాత్రం నవ్వేవాడు కాదు. ఆయన మెడ ఆ రోజు నుంచి ఒక పక్కకే తిరిగేది.

చూడటానికి భారీ మనిషేమీ కాదు. పొట్టి, ఎండుకట్టెలాంటి ఒళ్లు. ఎడమ చేతికి చివరి రెండు వేళ్లు లేవు. మిగిలిన మూడింటితోనే పిడికిలి బిగిస్తే ముంజేతి నరాలు తాళ్లలా లేచేవి.

తండ్రి రాళ్ల క్వారీలో సుత్తి పట్టేవాడు. ఇంటికొచ్చాక కూడా అదే పని. కొడుకు వీపు, పెళ్లాం వీపు, వాళ్లిద్దరూ చేతికి దొరక్కపోతే గోడ. సాయంత్రం ఆయన మెట్లెక్కే చప్పుడు బట్టి ఆ పూట ఎవరి వంతో ఆ పిల్లవాడు చెప్పగలిగేవాడు. మడమ ముందు పడితే తల్లికి, వేళ్లు ముందు పడితే తనకు. ఆ ఇంట్లో చెవి పదునుగా ఉన్నవాడికి దాక్కోవడానికి కాస్త వ్యవధి దొరికేది. మీసాలు మొలిచిన ఏడాది ఒక సాయంత్రం అతను దాక్కోలేదు. లేచిన చేతిని గాలిలోనే పట్టుకుని మెలిపెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వంటగదిలో ఉన్న తల్లికి వినిపించింది. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. ఆ తర్వాత తండ్రి ఎడమచేత్తో తినడం నేర్చుకున్నాడు. 

క్వారీలో సుత్తి కాకుండా మందుగుండు పని నేర్చుకున్నాడు. రాతికి బెజ్జం వేసి, మందు కూరిన తూటా దించి, వత్తి ముట్టించి, పరుగెత్తి బండ చాటున కూర్చోవాలి. ఎన్ని పెట్టాడో అన్ని పేలాయా లేదా అన్నది చెవితోనే తేల్చుకోవాలి. ఒకటి తక్కువైతే ఆ రాతి దగ్గరికి పనివాళ్లెవరూ పోకూడదు. పెట్టినవాడే వెళ్లి వెతికి పేల్చాలి. అతనికి పని నేర్పిన పెద్దమేస్త్రి ఒకరోజు జ్వరంతో ఒకటి ఎక్కువ లెక్కపెట్టుకున్నాడు. ఆయన కాలు ఒకచోట, ఆయన ఒకచోట పడ్డారు. కాలును తెచ్చి పక్కన పెట్టింది ఇతనే. తన రెండు వేళ్లు పోయింది కూడా ఆ పూటే. అప్పటి నుంచి అతనికి ఒకటే గర్వం ఉండేది. "నా చెవి తప్పదు" అనేవాడు. ఆ మాటకు ఎదురు చెప్పిన వాళ్లు క్వారీలో ఇద్దరో ముగ్గురో ఉండేవారు. వాళ్ల మొహాల మీద కుట్లు చూసి మిగతావాళ్లు మానేశారు.

పెళ్లయిన కొత్తలో భార్య మీద కూడా చెయ్యి చేసుకున్నాడు, ఒక్కసారి. ఆమె లాడ్జి దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి. కింద పడినదల్లా లేచి, కాలుతున్న ఇస్త్రీ పెట్టె తీసి అతని ముంజేతి మీద ఆనించి, మూడు ముక్కలు మాట్లాడే వరకూ తియ్యలేదు. "ఇంకోసారి చెయ్యి లేస్తే మొహం మీద పెడతా." చర్మం కాలిన వాసన చాలా రోజులు ఆ గదిలో ఉంది. మచ్చ మాత్రం పడవ ముక్కులా మొనదేలి శాశ్వతంగా మిగిలింది. "ఇది మా ఆవిడ ముద్దరేసిన సరుకు" అని తనే చొక్కా మడిచి చూపించి నవ్వేవాడు. ఇంట్లో మళ్లీ చెయ్యి ఎత్తలేదు. ఇంట్లో మిగిల్చిన దెబ్బలన్నీ వీధిలో ఖర్చుపెట్టేవాడు.

వాటిలో ఎక్కువ భాగం బావమరిదికి అందేవి. భార్యకు తమ్ముడు, ఒక్కడే. నెమ్మదస్తుడు. ఏదైనా అనబోయే ముందు మీసం సవరించుకునే అలవాటు. మేస్త్రి దగ్గరే పని నేర్చుకుని, అతని వెనకే సంచి మోస్తూ, వత్తులు కోస్తూ ముప్పై దాటాడు. జీవితంలో ఎవరినీ గట్టిగా తోసి ఎరగడు. బావ కొడితే ఒళ్లు దులుపుకుని "అయిపోయిందా" అని అడిగేవాడు. అందుకు ఇంకో రెండు పడేవి.

క్వారీ మూతపడ్డాక ఇద్దరికీ పార్కులో పని దొరికింది. ఊరికి పైన, బస్సు మెలికలు తిరుగుతూ ఎక్కితే వచ్చే జాతీయ ఉద్యానవనం అది. కొండల నడుమ గిన్నెలా ఒక సరస్సు. చలికాలమంతా మూసేసి ఉంటుంది. ఎండాకాలం మొదలవుతుండగా గేట్లు తీస్తారు. అప్పటికి కింద మైదానాల్లో జనం వేగిపోతూ ఉంటారు. బస్సుల మీద బస్సులు వేసుకుని మంచు ముట్టుకోవడానికి వస్తారు. గేట్లు తీసే ముందు ఒక పని ఉంటుంది. సరస్సు ఒడ్డున వెళ్లే దారి మీదికి ఒక నిట్టనిలువు వాలు వంగి ఉంటుంది. దాని మీద చలికాలం పేరుకున్న మంచు ఎండకు నాని ఎప్పుడు జారుతుందో తెలియదు. అది జనం నెత్తిన పడకముందే తూటాలు పెట్టి దించెయ్యాలి. మంచు గడ్డకట్టి ఉండే పొద్దున్నే బావాబావమరుదులు పైకెక్కి, గుంతలు తీసి, తూటాలు పాతి, వత్తులు ఒకదానికంటే ఒకటి కాస్త పొడుగ్గా కోసి ముట్టించేవారు. ఒకటి పేలాక ఊపిరి పీల్చి వదిలేంత సేపటికి ఇంకొకటి పేలేది.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. సరస్సు అవతలి కొండ గోడలాంటిది. ప్రతి ఏడూ వీళ్లు పని చేసే రోజులకు తెల్లగా మంచు కప్పుకుని ఉండేది. ఆ ఏడు అప్పటికే మంచంతా రాల్చుకుని నల్లగా, బోసిగా నిలబడి ఉంది. దాన్ని ఇద్దరూ చూశారు. చూసి, ఎండ గురించి ఏదో అనుకుని తమ పనిలో పడ్డారు.

ఐదు తూటాలు పెట్టారు. ముట్టించి వచ్చి బండ చాటున తల దించుకుని కూర్చున్నారు. మొదటిది పేలింది. మేస్త్రి కుడిచేతి బొటనవేలు మడిచాడు. రెండోది. మూడోదానికి వాలు మొత్తం గుర్రుమంటూ కదిలింది. నాలుగు. తర్వాత వినిపించిన ఇంకో చప్పుడుకు చిటికెనవేలు కూడా మడిచాడు. మంచు కిందికి పోతున్న హోరు ఆగాక లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"ఐదూ అయిపోయాయి. పద."

బావమరిది కదల్లేదు. మీసం సవరించుకున్నాడు. "బావా, చివరిది తేడాగా లేదూ?"

"తేడా అంటే?"

"మిగతా నాలుగింటికీ కింద నేల అదిరింది. దీనికి అదరలేదు."

"అది ఆ చివర పెట్టాం. ఇంత దూరానికి అదురుతుందా?"

"ఒకసారి వెళ్లి చూసొద్దాం. ఏం పోయింది?"

"అంటే నేను తప్పు లెక్కపెట్టాను. అంతేగా?"

"అలా అనలేదు బావా, నా కాళ్లకి..."

మోచేయి వచ్చి నోటి మీద తగిలింది. బావమరిది వెనక్కి పడి, లేవబోయి, మళ్లీ పడ్డాడు. మేస్త్రి గుండెల మీద మోకాలు వేసి కూర్చుని, రెండు వేళ్లు లేని చేత్తో గొంతు పట్టుకుని, రెండో చేత్తో ఇంకో రెండు వేశాడు. "కాళ్లతో లెక్కపెడతావురా? క్వారీలో నేను లెక్కపెట్టడం మొదలెట్టేసరికి నువ్వు లాగూ తడుపుకుంటున్నావు." మంచు మీద పడిన నెత్తురు చిన్న చిన్న గుంతలు చేసుకుంటూ లోపలికి దిగింది. వాటిలో ఒకదాంట్లో ఒక పన్ను ఉంది. బావమరిది దాన్ని తీసి, చూసి, జేబులో వేసుకున్నాడు. ఈసారి "అయిపోయిందా" అని అడగలేదు.

కిందికి వచ్చి మేస్త్రి పార్కు రేంజరు గారితో ఐదూ పేలాయని చెప్పాడు. జారిన మంచంతా సరస్సు ఒడ్డున, కొంత నీళ్లలోకి కూడా, పెద్ద దిబ్బలా పడి ఉంది. ఇరవై ఇళ్లు దాని కింద దాక్కోవచ్చు. రేంజరు గారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఈసారి జనానికి మంచు దగ్గరలోనే దొరికిందని సంతోషించారు.

గేట్లు తీసిన రోజున మేస్త్రికి పని లేదు. భార్య పట్టుబట్టింది. "ఇన్నేళ్లుగా ఆ సరస్సు చూడ్డానికి వచ్చేవాళ్ల దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నా. ఒక్కో దుప్పటీ దాన్ని వందసార్లు చూసుంటుంది. నేను ఒక్కసారీ చూళ్లేదు." ముగ్గురూ మొదటి బస్సు ఎక్కారు. భార్య కిటికీ పక్కన కూర్చుంది. బావమరిది రెండు వరసల వెనక ఒక్కడే కూర్చున్నాడు. పై పెదవి ఇంకా ఉబ్బే ఉంది.

"ఏరా, జారిపడితే పన్ను ఊడింది సరే, మాట కూడా ఊడిందా?" అక్క వెనక్కి తిరిగి అడిగింది.

"మాట్లాడితే గాలి పోతోందక్కా."

"ఎక్కడ జారావో గానీ, రాయికి కూడా మీ బావ లాగే మోచేయి ఉన్నట్టుంది."

మేస్త్రి కిటికీలోంచి లోయ చూస్తూ కూర్చున్నాడు. లోయ అతనికి కొత్త కాదు.

బస్సు దిగేసరికి దిబ్బ మీద జాతర లాగా ఉంది. సరస్సులో సగం ఇంకా తెల్లగా గడ్డకట్టి ఉంది, సగం కరిగి నీలంగా వణుకుతోంది. పిల్లలు ప్లాస్టిక్ కవర్ల మీద కూర్చుని జారుతున్నారు. ఒకాయన ఇంటికి పట్టుకెళ్తానని టిఫిన్ డబ్బాలో మంచు కూరుతుంటే, ఆయన భార్య "మూత పెట్టండి, ఆవిరి పోతుంది" అంటోంది. దిబ్బ మధ్యలో ఒక ముసలాయన స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, ప్లాస్టిక్ కుర్చీలో చేతికర్రతో రాజులా కూర్చుని ఉన్నాడు. కొడుకు ఆయన్ను అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీస్తున్నాడు. దిబ్బ అంచున రంగులోడి బండి. మంచు తురిమి ఎర్ర రంగు, పచ్చ రంగు తీపినీళ్లు పోసి అమ్ముతాడు. గునపంతో దిబ్బను పొడిచి పొడిచి గడ్డలు తీస్తున్నాడు. క్రితం ఏడు మేస్త్రి ఆ బండిని ఒకసారి బోర్లించాడు. దారికి అడ్డంగా పెట్టాడని.

భార్య చెప్పులు విప్పి మంచు మీద ఒక కాలు పెట్టి, వెంటనే తీసేసి, మళ్లీ పెట్టింది. "ఇస్త్రీ పెట్టెలాగే ఉంది. ఇదీ కాలుస్తుంది."

అప్పుడే కింద బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. ఒక్క ఊపిరి గడిచాక అవతలి నల్లకొండ అదే హారన్ తిరిగి కొట్టింది. పిల్లలు ఓ అని అరిచారు. డ్రైవరుకు హుషారొచ్చి మళ్లీ కొట్టాడు. కొండ మళ్లీ కొట్టింది. అంత పెద్దగానే.

మేస్త్రి ఆ కొండ వైపు తిరిగి అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్లలో అది మాట్లాడగా అతను వినలేదు. మంచు కప్పుకున్నన్నాళ్లూ అది చప్పుళ్లను మింగేది. ఈసారి ఒంటి మీద మంచు లేదు. ఒక్క ఊపిరి ఎడం. సరిగ్గా తను వత్తులు కోసిన ఎడం. మొదటి తూటాకు కొండ ఇచ్చిన బదులు రెండో తూటా చప్పుడులో కలిసిపోయింది, రెండోదానిది మూడోదాంట్లో. నాలుగోదానిది కలవడానికి వెనక ఏమీ లేదు. అది ఒక్కటీ విడిగా వచ్చి అతని చెవిలో ఐదో తూటాగా కూర్చుంది. బావమరిది కాళ్ల కింద నేల అదరకపోవడంలో వింత లేదు.

ఐదోది పేలలేదు. వాలుతో పాటు జారి వచ్చి, ఇంతమంది కాళ్ల కింద ఈ దిబ్బలో ఎక్కడో ఉంది. రంగులోడు గునపం ఎత్తుతున్నాడు.

మేస్త్రి పరుగెత్తాడు. పరుగెత్తుతూ "తూటా ఉంది, దిగండి" అని ఒక్క మాట అంటే సరిపోయేదేమో. ఆ మాట అతని గొంతులో ఉంది. అది పైకి వచ్చేలోపే చేతులు రంగులోడి మెడ అందుకున్నాయి. ఇద్దరూ కలిసి బండి మీద పడ్డారు. సీసాలు పగిలి ఎర్రనీళ్లు, పచ్చనీళ్లు మంచు మీద పారాయి. రంగులోడు పెద్ద ఒళ్లున్న మనిషి. కింద పడ్డా గునపం వదల్లేదు.

"నిరుడు బండి పడగొట్టావు, ఊరుకున్నా. మళ్లీ వచ్చావా?" గునపం తిరగేసి మేస్త్రి పక్కటెముకల మీద వేశాడు. మేస్త్రి తలతో అతని ముక్కు పగలగొట్టాడు. గునపం లాక్కుని దూరంగా సరస్సులోకి విసిరేశాడు. అప్పటికి నోరు పెగిలింది.

"దిగండి. అందరూ దిగండి."

ఎవరు దిగుతారు? మొహం నిండా నెత్తురుతో ఒకడు వచ్చి దిగమంటే జనం ఫోన్లు తీశారు. ఇద్దరు యువకులు అతని చేతులు పట్టుకోబోయారు. ఒకడి చెవి మీద కొట్టాడు, ఇంకొకడి మోకాలి చిప్ప మీద తన్నాడు. జారుతున్న పిల్లలను రెక్క పట్టుకుని ఒక్కొక్కళ్లనే కిందికి విసిరాడు. తల్లులు శాపనార్థాలు పెడుతూ వాళ్ల వెనక దిగారు. టిఫిన్ డబ్బాలో మంచు కూరుతున్నాయన వీపు మీద ఒకటి పడగానే డబ్బా వదిలి పరుగెత్తాడు. దిబ్బ మధ్య ముసలాయన కుర్చీలోంచి లేవలేక చేతికర్ర ఆడించాడు. మేస్త్రి కుర్చీతో సహా ఎత్తి ఒడ్డు వైపు తోశాడు. కుర్చీ జారింది, తిరగబడింది. ముసలాయన తుంటి మీద పడి అరిచిన అరుపు విని అంతవరకూ ఫొటోలు తీస్తున్న కొడుకు మేస్త్రి మీదికి దూకాడు. గార్డులు కర్రలతో వచ్చారు. మేస్త్రి తల మీద, భుజాల మీద వరసగా పడుతున్నాయి. అతను మోకాళ్ల మీదికి వచ్చాడు. ఇంకా సగం మంది దిబ్బ మీదే ఉన్నారు.

భార్య ఒడ్డున నిలబడి చూస్తోంది. పక్కనున్న తమ్ముడి భుజం పట్టుకుంది. "వీడికి పిచ్చెక్కిందిరా. వెళ్లి పట్టుకో."

బావమరిది పట్టుకోవడానికే వెళ్లాడు. మేస్త్రి తల ఎత్తి చూశాడు. "నాలుగేరా" అన్నాడు. "నాలుగే పేలాయి."

బావమరిది అక్కడే ఒక్క క్షణం ఆగాడు. మీసం సవరించుకోలేదు. గార్డు చేతిలో కర్ర లాక్కున్నాడు. ముందు ఆ గార్డునే కొట్టాడు. తర్వాత జనం మీద పడ్డాడు. ఊళ్లో వాళ్లు తర్వాత చెప్పుకున్నదాన్ని బట్టి మేస్త్రి కొట్టింది ఏమీ కాదు. కాళ్ల మీద, పిక్కల మీద, ఆగినవాళ్ల నడుముల మీద, పశువులను తోలినట్టు తోలాడు. ఊడిన పంటి సందులోంచి ఈల లాంటి అరుపు వస్తోంది. "మందుగుండు ఉంది కింద. పోతారు అందరూ. దిగండి." నెమ్మదస్తుడు అలా కొడుతుంటే నమ్మకుండా ఉండటం కష్టం. రేంజరు గారు ముందుగా నమ్మి విజిల్ ఊదారు. కాసేపటికి దిబ్బ మీద చెప్పులు, ప్లాస్టిక్ కవర్లు, తిరగబడ్డ కుర్చీ తప్ప ఇంకేమీ లేవు.

గేటు దగ్గర గదిలో మిగిలి ఉన్న తూటాలు తెప్పించారు. ఆ రోజు ఐదోదాన్ని వాలు చివర ఒక మరుగుజ్జు చెట్టు కింద పెట్టి ఉన్నారు. ఆ చెట్టు విరిగి దిబ్బలో ఎక్కడో ఉండాలి. ఇద్దరూ చేతులతో, మోకాళ్ల మీద పాకుతూ వెతికారు. ఎండ నెత్తికెక్కి మంచు మెత్తబడుతోంది. కాలు పెట్టిన చోటల్లా దిగబడుతోంది. రంగులోడు తవ్విన గుంతకు మూరెడు దూరంలో చెట్టు వేళ్లు కనిపించాయి. వాటి పక్కనే మైనపు కాగితం, కొరికి ఉమ్మేసినట్టున్న వత్తి ముక్క. తడికి సగంలో ఆరిపోయింది. లోపలి మందు మాత్రం ఎండకు చెమట పట్టి, చిన్న దెబ్బకే పేలేలా మెరుస్తోంది. గునపం ఇంకో రెండుసార్లు దిగి ఉంటే చాలు.

"లాగొద్దు" అన్నాడు మేస్త్రి. "పక్కనే ఇంకోటి పెట్టి పేల్చేద్దాం. నువ్వు దిగు."

"నువ్వు కుంటుతున్నావు. నువ్వే దిగు బావా."

"చెప్పింది విను."

"విననందుకే కదా పన్ను ఊడింది."

మేస్త్రి చెయ్యి లేచింది. బావమరిది దాన్ని పట్టించుకోకుండా వత్తి కోస్తున్నాడు. లేచిన చెయ్యి తూటా అందుకుంది.

ముట్టించి పరుగెత్తారు. ఒడ్డు ఇంకా కాస్త దూరం ఉండగా మేస్త్రి కింద మంచు గుల్లయి నడుం దాకా దిగబడ్డాడు. మంచు కింద నీళ్లు కాళ్లను పట్టుకున్నాయి. లేవబోయాడు, పక్కటెముకలు లేవనివ్వలేదు. "పో" అని అరిచాడు. బావమరిది వెనక్కి వచ్చాడు. జుట్టు ఒక చేత్తో, ఎడమ రెక్క ఒక చేత్తో పట్టుకుని, దిబ్బ మీద కాలు తన్నిపెట్టి లాగాడు. భుజం కీలు ఊడింది. అయినా లాగాడు. ఊడిన రెక్క పట్టుకునే మిగతా దూరం గోనెసంచిని ఈడ్చినట్టు ఈడ్చుకొచ్చాడు. ఇద్దరూ ఒడ్డున రాళ్ల వెనక పడిన క్షణాన దిబ్బ పేలింది.

మంచు గడ్డలు రాళ్లలా వచ్చి తగిలాయి. రంగులోడి బండి రెండుగా చీలి ఒక చక్రం నీళ్లలోకి దొర్లింది. ప్లాస్టిక్ కుర్చీ ముక్కలు చాలాసేపు పైనుంచి పడుతూనే ఉన్నాయి. మేస్త్రి కుడి చెవిలోంచి నెత్తురు సన్నగా కారి చొక్కాలోకి పోయింది. ఎడమ చెవిలో ఏదో దూరంగా గుయ్యిమంటోంది. భార్య వచ్చి ఎదురుగా కూర్చుని ఏదో అడుగుతోంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు. అతనికి భుజం కంటే దానికే ఎక్కువ భయం వేసింది.

ఆ దిబ్బ మీద ఎవరూ చావలేదు. కానీ ముసలాయన తుంటి విరిగింది. ఇంక నడవడన్నారు. ఒక యువకుడికి చెవి తెగింది. రంగులోడి ముక్కు, గార్డు తల, లెక్కలేనన్ని పిక్కలు. కొన్నాళ్లకు రేంజరు గారు తన ఆఫీసు గదిలో అందరినీ కూర్చోబెట్టారు. ముసలాయన తరఫున కొడుకు వచ్చాడు. రంగులోడు మొహానికి కట్టు కట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. మేస్త్రి మెడలో పట్టీతో, భుజం కట్టుకుని, ఎడమ చెవి ముందుకు పెట్టి నిలబడ్డాడు. కుడిది పూర్తిగా పోయింది. ఎడమది గట్టిగా అరిస్తే పనిచేస్తుంది. భార్య, బావమరిది అతని వెనక బెంచీ మీద ఉన్నారు.

"లెక్క తప్పింది ఎవరు?" రేంజరు గారు గట్టిగా అడిగారు.

"నేనేనండి. వీడు చెప్పాడు. నేను కొట్టాను."

భార్య తమ్ముడి వైపు తిరిగింది. అతను గోడ చూస్తున్నాడు.

"సరే. తూటా ఉందని తెలిసింది. ఆ మాట ముందుగా చెప్పొచ్చు కదయ్యా? అంత మందిని చావబాదాలా? ఇంకో దారి లేదా?"

మేస్త్రి కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"ఉందండి" అన్నాడు. "నాకు చేతకాదు."

ముసలాయన కొడుకు కుర్చీలోంచి లేచాడు. "చేతకాదంట. మా నాన్న జీవితాంతం మంచంలో ఉంటాడు. వీడికి చేతకాదంట." గది దాటి వచ్చి మేస్త్రి చెంప మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మేస్త్రి పక్కకు తూలి, మళ్లీ వచ్చి అదే చోట నిలబడ్డాడు. రేంజరు గారు బల్ల మీద ఏదో సర్దుకుంటున్నారు. మూడోసారి ఆ చెయ్యి లేచింది గానీ దిగలేదు. వెనక బెంచీ మీద నుంచి బావమరిది ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు. అతని పిడికిలి కొడుకు దవడ కింద నుంచి పైకి వచ్చింది. పళ్లు పళ్లకు తగిలిన చప్పుడు రంగులోడి దాకా వినిపించింది. కొడుకు బల్ల మీద వెల్లకిలా పడ్డాడు. రేంజరు గారి టీ గ్లాసు నేల మీద పగిలింది. బావమరిది వంగి, చొక్కా పట్టుకుని లేపి, ఇంకోటి వెయ్యడానికి చెయ్యి వెనక్కి తీశాడు.

మేస్త్రి ఆ చేతి మణికట్టు పట్టుకున్నాడు.

బావమరిది తిరిగి చూశాడు. ఆ మొహం మేస్త్రికి కొత్త. కళ్లు తళతళలాడుతున్నాయి. కొత్త చెప్పులు వేసుకున్న పిల్లవాడిలా ఉన్నాడు. ఊడిన పంటి సందు కనబడేలా నవ్వుతున్నాడు.

"ఎలా పడింది బావా? సరిగ్గా తగిలిందా?"

మేస్త్రికి మాట వినపడలేదు. పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. గార్డులు వచ్చి కొడుకును లేపి నీళ్లు తాగించారు. రేంజరు గారు ఏదో అరిచారు. ఇద్దరికీ రేపటి నుంచి పని లేదని అరిచారని భార్య తర్వాత చెప్పింది. బయటికి వచ్చారు. బస్సెక్కారు. దిగారు. మెట్ల దగ్గర భార్య ముందుకు వెళ్లి తాళం తీసింది. దారిలో చూసినవాళ్లు, పాపం చెవులు పోయాయి కదా, ఆసరాకి పట్టుకున్నాడు అనుకున్నారు. మేస్త్రి ఇంటి గుమ్మం లోపలికి వచ్చేదాకా ఆ మణికట్టు వదల్లేదు. లోపలికి వచ్చాక కూడా ఎప్పుడు వదలాలో అతనికి తెలియలేదు.